మేలుకున్న కాపలా

పదిహేడో భాగం

పోయిన వారం పిచ్చుకను ల్యాబు మెట్ల మీద, చేతిలో చించిన కవరుతో నిలబెట్టి వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. కిందికి దిగాలని తెలుసు, కాళ్లు కదలడం లేదు.

ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా ఉండదని వాళ్లన్నయ్య పెట్టిన పేరు. ఇప్పుడామెకు నలభై రెండేళ్లు. ఎలుకల కాలేయంలో క్యాన్సరు ఎలా మొదలవుతుందో, ఆ దారిలో ఒంటిని కాపాడే కణాలు ఎలా మారిపోతాయో పదిహేనేళ్లుగా చూస్తోంది. పేరున్న శాస్త్రవేత్తే. అయినా ఇంటివాళ్లకి పిచ్చుకే. అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. రెండేళ్ల కిందట కాలేయం క్యాన్సరుతోనే పోయాడు. ఆయన భార్య, ఈ ల్యాబులో చిన్నా పెద్దా అందరూ వదిన అని పిలిచే మనిషి, అంతకుముందు బట్టల మిల్లులో నేతలో తప్పులు పట్టే పని చేసేది. భర్త పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటుంటే పిచ్చుకే వెంటబెట్టుకొచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. కాలేయం ముక్కను ఉల్లిపొరకన్నా పలచగా కోసి స్లైడు అనే గాజుపలక మీద అంటించి రంగు వేస్తే, కాపలా కణాలు గోధుమరంగు చుక్కల్లా కనబడతాయి. వాటిని లెక్కపెట్టడం వదిన పని. ఏ పలక ఏ ఎలుకదో, దానికి కాపలా కణాలను లేపే కొత్త మందు పడిందో లేదో ఆమెకు చెప్పరు. లెక్కపెట్టేవాళ్ల ఆశ లెక్కలోకి జారకూడదని అదొక నియమం. ఆ వివరాలన్నీ ఒక కవరులో అతికించి ల్యాబు నడిపే పెద్దసారు బీరువాలో ఉంటాయి.

గడ్డల లెక్క ముగియడంతో ఆ కవరు ఈ ఉదయం విప్పారు. కొవ్వు పట్టిన కాలేయమున్న ఎలుకల్లో, మందు పడ్డవాటికి గడ్డలు తగ్గలేదు. పెరిగాయి. రెట్టింపుకన్నా ఎక్కువ పెరిగాయి. అన్నయ్యది కొవ్వు పట్టిన కాలేయమే. అదే మందు, ఆసుపత్రిలో మనుషుల మీద పరీక్షకు పెట్టినప్పుడు, అన్నయ్యను పట్టుబట్టి చేర్పించింది పిచ్చుకే.

సాయంత్రం నాలుగింటికి పెద్దసారు ఈ సంగతి అందరి ముందూ చెప్పబోతున్నారు. వదిన ఎప్పటిలాగే మూడో వరుసలో కూర్చుని ఉంటుంది.

పిచ్చుక మెట్లు దిగేసరికి ఒంటిగంటా పావైంది. అందరూ భోజనాలకు పోవడంతో నడవా బోసిగా ఉంది. స్లైడ్ల గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల్నుంచి లెక్కకు వాడే కౌంటరు నొక్కుతున్న చప్పుడు, టిక్ టిక్ మని, మధ్యలో ఒక క్షణం ఆగి, మళ్లీ టిక్ మని వినబడుతోంది. మిల్లు షిఫ్టు అలవాటుకొద్దీ వదిన పన్నెండింటికే తినేస్తుంది. గదిలో ఎవరూ ఉండని ఈ గంట కోసం కష్టమైన స్లైడ్లు దాచుకుంటుంది.

ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండని గది అది. గోడ పొడుగునా అట్టపెట్టెలు, వాటి మీద పరీక్ష మొదలై ఎన్ని వారాలైందో చెప్పే నంబర్లు: ఎనిమిది, పదహారు, ఇరవైనాలుగు, ముప్ఫైరెండు. రంగులు కడిగే ద్రవం వాసన ఎన్ని కిటికీలు తీసినా పోదు. ఎత్తు స్టూలు మీద వదిన తన చేత్తో కుట్టుకున్న దిండు వేసుకుంది. పక్కన టీ ఫ్లాస్కు, అద్దాలు తుడుచుకునే గుడ్డ. అంతే ఆమె సామాను.

వదిన తలెత్తలేదు. అడుగుల చప్పుడుకే ఎవరో తెలిసిపోయినట్టుంది, కుర్చీ లాక్కోమని ఎడమచేత్తో చూపించింది. పలక మీద లెక్కపెట్టాల్సిన గడులు ఇంకో పదకొండు ఉన్నాయనీ, మధ్యలో పలకరిస్తే మళ్లీ మొదటికొస్తుందనీ చెప్పింది. పిచ్చుక కూర్చుంది. మెట్ల మీద సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు లేవు. కాస్త గడువు దొరికినందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే తన మీద తనకే రోత పుట్టింది.

వదిన వీపు చూస్తూ కూర్చుంటే ఆమెకు అన్నయ్య గుర్తొచ్చాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. కాలేయం జబ్బు అనగానే చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ గొంతు తగ్గించి, ఎన్నాళ్లుగా తాగుతున్నాడని వదినను పక్కకు పిలిచి అడిగేవాడు. వదిన కుమిలిపోయేది. అన్నయ్య మాత్రం నవ్వేవాడు. ఇంత చెడ్డపేరు ఊరికే వస్తుందని తెలిస్తే ఒక గుటక వేసి చూసేవాణ్ణి కదా అనేవాడు. ఇరవై ఆరేళ్లు స్టీరింగు ముందు కూర్చుని, వేళకు తినక, చక్కెర జబ్బు తెచ్చుకుని, దానివెంట కాలేయంలో కొవ్వు తెచ్చుకున్నాడు. అంతే ఆయన చేసిన పాపం.

మందు గురించి చెప్పిన రోజు కూడా అలాగే నవ్వాడు. నీ ఒంట్లో కాపలావాళ్లు నిద్రపోతున్నారు అన్నయ్యా, ఈ మందు వాళ్లను తట్టి లేపుతుంది, లేస్తే గడ్డ సంగతి వాళ్లే చూసుకుంటారు అని పిచ్చుక చెబితే, డ్యూటీలో నిద్రపోతే మెమో ఇవ్వాలిగానీ మందివ్వడమేమిటే అన్నాడు. వదిన మాత్రం నవ్వలేదు. వద్దంది. ఉన్నన్నాళ్లు ఇంట్లో ఉంచుకుందాం, ఈ సూదులు చాలు అంది. అప్పుడు ఆసుపత్రి వరండాలో, నీళ్ల కుళాయి పక్కన, పిచ్చుక ఒక మాట అంది. ఆ మాటను ఇద్దరూ మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

కౌంటరు చప్పుడు ఆగింది. వదిన అంకె రాసి, స్టూలు తిప్పి కూర్చుంది. పిచ్చుక చేతిలోని కవరు చూసి ఆమె ముఖం విచ్చుకుంది.

"విప్పారా?" అంది.

పిచ్చుక తలూపింది.

"నువ్వు చెప్పకు. ముందు నేను చెప్తాను, సరిపోయిందో లేదో చూడు."

సొరుగులోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. పరీక్ష రాసి వచ్చిన పిల్లలా ఉంది ఆమె ముఖం. పిచ్చుక ఆపబోయింది. అప్పటికే పుస్తకం తెరుచుకుంది. వదిన వేలు పెట్టి చదువుకుంటూ, రెండేళ్లుగా ఎవరికీ చెప్పకుండా తాను కనిపెట్టినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. కొన్ని స్లైడ్లలో కాలేయం నిండా తెల్లటి బొక్కలు, జల్లెడలా ఉంటాయట. అవి కొవ్వు పట్టిన ఎలుకలవని తనకు మొదటి నెలలోనే తెలిసిపోయిందట. ఎందుకంటే అన్నయ్యకి సూదితో ముక్క తీసినప్పుడు అప్పటి డాక్టరు సరిగ్గా అదే మాట అన్నాడట, జల్లెడలా ఉందమ్మా అని. ఎనిమిదో వారంలో జల్లెడ ఎలుకలన్నీ ఒకేలా ఉంటాయి. కాపలా కణాలు అక్కడక్కడా తిరుగుతూ కనబడతాయి. పదహారుకొచ్చేసరికి రెండు దార్లవుతాయి. ఒక రకంలో చుక్కలు పలచబడి, రంగు తగ్గి, కూర్చుండిపోయినట్టుంటాయి. గడ్డ ఒకటో రెండో, అదీ చిన్నది. ఇంకో రకంలో చక్కెర చుట్టూ చీమలు మూగినట్టు గోధుమ చుక్కలే చుక్కలు. కౌంటరు నొక్కీ నొక్కీ బొటనవేలు నొప్పి పుడుతుంది. అలాంటివాటిలోనే ఇరవైనాలుగో వారానికి గడ్డలు నాలుగూ అయిదూ కనబడతాయి.

"పలచగా ఉన్నవాటికి మందు పడింది," అంది వదిన. "కాపలావాళ్లు లేచారు, పని పూర్తిచేశారు, వెళ్లిపోయారు. అందుకే గడ్డలు లేవు, వాళ్లూ లేరు. మూగినవాటికి మందు పడలేదు. పాపం, చివరిదాకా కొట్టుకుంటూనే ఉన్నాయి. అంతేనా?"

పిచ్చుక కవరును ఒళ్లో తిరగేసి పెట్టుకుంది.

"పలచటివి చూసినప్పుడల్లా మీ అన్నయ్యే గుర్తొచ్చేవారు. మనిషి దక్కకపోయినా లోపల కాస్త నెమ్మదించే ఉంటుందిలే అనుకునేదాన్ని." వదిన నోటుపుస్తకం మూసింది. "చెప్పు, ఎన్ని మార్కులు?"

"తిరగేసి చెప్పావు వదినా."

వదినకు వెంటనే అర్థం కాలేదు. ఏది తిరగేశానని మళ్లీ పుస్తకం తెరవబోయింది. సగంలో చెయ్యి ఆగిపోయింది.

"మూగినవాటికే మందు పడిందా?"

"వాటికే."

 స్లైడ్లు ఆరబెట్టే వేడిపలక సన్నగా గుయ్యిమంటోంది. వదిన నోటుపుస్తకాన్ని సొరుగులో పెట్టేసింది. తర్వాత ఎందుకలా అని అడిగింది. పిచ్చుక చెప్పింది. ఇన్నేళ్లలో ఎన్నో సభల్లో గడగడా మాట్లాడిన మనిషి మొదటిసారిగా ఒక్కో మాటా తడుముకుంటూ చెప్పింది. మందు కాపలా కణాలను లేపుతుంది, అందులో అబద్ధం లేదు. వేరే రకం ఎలుకల్లో, రసాయనం వల్ల గడ్డలు వచ్చినవాటిలో, లేచిన కణాలు గడ్డల్ని నమిలేశాయి కూడా. కానీ కొవ్వు పట్టిన కాలేయం అప్పటికే రోజూ దెబ్బతింటూ ఉంటుంది. అక్కడ లేచిన కణాలకు తనవాడెవడో పరాయివాడెవడో తెలియడం లేదు. కనబడ్డ కణాన్నల్లా చంపేస్తున్నాయి. చచ్చిన వాటి స్థానంలో కాలేయం ఆదరాబాదరాగా కొత్తవి పుట్టిస్తోంది. ఆ తొందరలో తప్పుగా పుట్టినవే గడ్డలవుతున్నాయి. ఎలుకల్లో జరిగినది ఇది, మనుషుల్లో ఇలాగే జరుగుతుందని ఇప్పుడే ఎవరూ అనలేరు అని కూడా చెప్పింది. ఆ చివరి మాట తన చెవికే సాకులా వినిపించింది.

వదిన అంతా విని ఒకటే అడిగింది.

"అప్పుడు నీకు తెలుసా?"

"తెలీదు."

"అనుమానమైనా రాలేదా?"

పిచ్చుక అబద్ధం చెప్పవచ్చు. రుజువు చేయగలిగేవాళ్లెవరూ లేరు. ఈ ప్రశ్న వస్తుందని ఆమె మెట్ల మీద అనుకోలేదుగానీ, రెండేళ్లుగా దీనికే భయపడుతోందని ఇప్పుడు తెలిసింది. కవరును నాలుగు మడతలు పెట్టింది, విప్పింది.

"అన్నయ్య ఆసుపత్రిలో చేరుతూ సంతకం పెట్టడానికి మూడు నెలల ముందు చిన్న పరీక్ష ఒకటి చేశాను. అరవై ఎలుకలు. అందులో కొవ్వువి తక్కువ, ఎనిమిదే. ఆ ఎనిమిదిలో రెండింటికి గడ్డలు పెరిగాయి. రెండే కదా అనుకున్నాను. పక్కన 'వేరే కారణాలు కావచ్చు' అని రాసి వదిలేశాను."

"రెండు," అంది వదిన.

"రెండు."

"మిల్లులో ఒక్క పోగు తప్పినా గుడ్డ తాను మొత్తం పక్కన పెట్టేవాళ్లం."

గొంతు పెంచి అనలేదు. కోపంగానూ అనలేదు. మిల్లులో పని ఎలా జరిగేదో చెబుతున్నట్టే చెప్పింది. పిచ్చుక తలొంచుకుంది. తిడితే బాగుండుననిపించింది. చెంప మీద కొడితే ఇంకా బాగుండును. వదిన ఆ రెండూ చేసే మనిషి కాదు.

"ఆరోజు కుళాయి దగ్గర నన్నేమన్నావో గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు."

"వదినా..."

"నీ నోటితో చెప్పు. నేను సరిగ్గా విన్నానో లేదో అని ఒక్కోసారి అనుమానం వస్తుంది."

"అన్నయ్యని వదిలించుకోవాలని చూస్తున్నావు అన్నాను."

వదిన తలాడించింది. సరిగ్గానే విన్నానన్నమాట అన్నట్టుంది ఆ తలాట. తర్వాత చాలాసేపు నెమ్మదిగా మాట్లాడింది. ఆ మాట తనను ఎంత కాల్చిందో చెప్పలేదు. దాన్ని నమ్మానని చెప్పింది. భర్త పక్కన పడుకున్నప్పుడు, అన్నం కలిపి పెడుతున్నప్పుడు, తన మనసులో ఏ మూలైనా అలాంటిది ఉందేమోనని వెతుక్కునేదట. ఈయన పోతే ఈ చాకిరీ పోతుందని నాకు లోపల ఎక్కడైనా ఉందా అని. ఆ వెతుకులాటలోనే ఆయనతో గడపాల్సిన ఆఖరి నెలలన్నీ అయిపోయాయట. తనకిష్టం లేకపోయినా, ఆయన వెనకాడినప్పుడల్లా మందు మానొద్దని తానే చెప్పిందట. వద్దంటే ఎక్కడ పిచ్చుక అన్న మాట నిజమవుతుందోనని.

పిచ్చుకకు ఇది తెలియదు. వదిన మనసు మార్చుకుందని, తన వాదనే గెలిచిందని ఇన్నాళ్లూ అనుకుంది.

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదు వదినా," అంది. "నాలుగింటికి అందరి మధ్యా కూర్చుని వినకూడదని వచ్చాను."

"మంచిపని చేశావు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే పిచ్చుక తట్టుకునేది. అది లేకపోయేసరికి కూర్చున్నచోటే ఆమెకు కన్నీళ్లు ధారగా కారిపోయాయి. వదిన ఆమె వైపు చూడలేదు. దగ్గరకు తీసుకోలేదు. అద్దాలు తుడుచుకునే గుడ్డను మాత్రం బల్ల మీంచి ఇటు జరిపి, స్టూలు తిప్పుకుని, పెట్టెలోంచి ఇంకో స్లైడు తీసింది.

మైక్రోస్కోపులో కన్ను పెట్టి మొదటి గడి లెక్కపెట్టింది. కౌంటరు చూసింది. ఏదో తేడా తోచినట్టుంది, సున్నాకు తిప్పి మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ సున్నా చేసింది. రెండేళ్లలో ఆమె లెక్కను మరొకరిచేత సరిచూయించిన ప్రతిసారీ ఒకటి రెండు చుక్కలకు మించి తేడా రాలేదు. ఇప్పుడు అదే గడికి మూడుసార్లు మూడు అంకెలు వచ్చాయి. ముప్ఫైఒకటి, నలభైనాలుగు, ముప్ఫైఏడు. వదిన కౌంటరు బల్ల మీద పెట్టింది. కళ్లజోడు తీసి, రెండు అరచేతులతో ముఖం కప్పుకుంది.

"నువ్వెళ్లు," అంది చేతుల్లోంచే. "నాలుగింటికి వస్తాను."

నాలుగింటికి వచ్చింది. మూడో వరుసలో, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. ముఖం కడుక్కుంది, జుట్టు సరిచేసుకుంది. పిచ్చుక పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా అటు రాలేదు.

పెద్దసారు మాట తూచి మాట్లాడే మనిషి. ఆరు నెలల్లో పదవీ విరమణ. ఏ వాక్యమైనా రెండుసార్లు నమిలి గానీ వదలరు. బొమ్మలన్నీ చూపించి, ఫలితం ఆందోళనకరంగానే ఉన్నా తొందరపడకూడదనీ, ఇంకో గుంపు ఎలుకల మీద మొత్తం తిరిగి చేసి, ఆ తర్వాతే ఆసుపత్రికి రాతపూర్వకంగా తెలియజేద్దామనీ చెప్పారు. అందుకు ఎన్నాళ్లు పడుతుందని ముందు వరుసలోంచి డాక్టరమ్మ అడిగింది. ఆమె ఆసుపత్రి తరఫున వచ్చింది. మందు పరీక్ష చూసే పాత డాక్టరు వెళ్లిపోయాక నిరుడే ఆ బాధ్యత ఈమెకు వచ్చింది. ఎనిమిది నెలలన్నారు పెద్దసారు.

వదిన లేచి నిలబడింది. ఆ గదిలో ఆమె నోరు విప్పడం అదే మొదలు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"ఈ మందు ఇప్పుడు ఎవరికైనా ఎక్కిస్తున్నారా?"

పెద్దసారు డాక్టరమ్మ వైపు చూశారు. తొమ్మిదిమందికి నడుస్తోందని ఆమె చెప్పింది. వాళ్లలో కొవ్వు పట్టిన కాలేయం ఎందరిదని వదిన అడిగింది. నలుగురిదని డాక్టరమ్మ చెప్పింది. అందులో ఒకాయనకు రేపు పొద్దున్నే వంతు ఉందని కూడా, ఎవరూ అడగకుండానే చెప్పింది.

పెద్దసారు మెత్తగా, "అమ్మా, ఎలుక వేరు, మనిషి వేరు. ఒక్క పరీక్షతో..." అని మొదలుపెట్టారు.

"ఒక్కటి కాదు సార్," అంది పిచ్చుక.

ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. ముందున్న కుర్చీ పట్టుకుంది. మూడేళ్ల కిందటి చిన్న పరీక్ష గురించి, ఎనిమిదిలో రెండు ఎలుకల గురించి, పక్కన తాను రాసిన మాట గురించి, దాన్ని ఎవరికీ చూపించకపోవడం గురించి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆ పాత పుస్తకం తన బల్ల రెండో సొరుగులో ఉందనీ, ఎవరైనా ఇప్పుడే తెచ్చి చూడవచ్చనీ చెప్పి కూర్చుంది. పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పదిహేనేళ్లుగా ఆమెను పెంచుకుంటూ వచ్చిన మనిషి. ఆయన ముఖంలో కోపం లేదు. ఒక్కసారిగా పదేళ్ల ముసలితనం మీదపడ్డట్టుంది.

డాక్టరమ్మ ఇంక ఎవరి అనుమతి కోసమూ చూడలేదు. ఆ నలుగురికీ రేపటి నుంచి మందు ఆపించేస్తాననీ, మిగతాది తర్వాత తేల్చుకుందామనీ చెప్పి, అక్కడే ఫోను తీసి వార్డుకు చెప్పింది. మనుషుల్లో కూడా ఇలాగే జరుగుతోందా అన్నది తెలియాలంటే ఒక దారుందని కూడా అంది. మందు తీసుకుని చనిపోయినవాళ్ల నుంచి అప్పట్లో తీసిన కాలేయం ముక్కలు ఆసుపత్రిలో భద్రంగా ఉన్నాయి. వాటిలో కాపలా కణాలు లెక్కపెట్టి చూడాలి. అయితే ఇంటివాళ్లు ఒప్పుకోవాలి.

"మావారిది ముందు చూడండి," అంది వదిన.

జనం వెళ్లిపోయాక ముగ్గురూ ఆ గదిలోనే మిగిలారు. పడమటి కిటికీలోంచి ఎండ కుర్చీల మీద పొడుగ్గా పడింది. డాక్టరమ్మ ల్యాప్‌టాప్ తెరిచి ఆసుపత్రి రికార్డుల్లోకి వెళ్లింది. వదిన భర్త పేరూ, చేరిన నెలా చెప్పింది. పిచ్చుక రెండు కుర్చీల అవతల కూర్చుంది. లేచి పొమ్మని వదిన అనలేదు, దగ్గరకు రమ్మనీ అనలేదు.

డాక్టరమ్మ ఏదో చూసి కనుబొమ్మలు ముడిచింది. వెనక్కి వెళ్లి మళ్లీ వెతికింది. మీవారు ఎన్నిసార్లు మందు తీసుకున్నారని అడిగింది. ఆరుసార్లని వదిన చెప్పింది. మూడు వారాలకోసారి, మంగళవారం. తనకు మిల్లులో సెలవు దొరికేది కాదు, పిచ్చుకకు ఇక్కడ పని. నా బస్సుల్లో నేను పోవడానికి తోడెందుకని ఆయన ఒక్కరే వెళ్లొచ్చేవారు.

డాక్టరమ్మ తెర మీది తేదీ ఇంకోసారి చూసుకుంది. మీరు భార్య కాబట్టి మీకు చూసే హక్కుంది అని ల్యాప్‌టాప్ వదిన వైపు తిప్పింది.

అదొక కాగితానికి తీసిన ఫోటో. పరీక్ష నుంచి తప్పుకుంటున్నానని రోగి రాసిచ్చే కాగితం. రెండోసారి మందుకు వెళ్లాల్సిన మంగళవారం తేదీ వేసి ఉంది. అంటే ఆయన ఒక్కటంటే ఒక్కసారే ఆ మందు తీసుకున్నాడు. కింద అన్నయ్య సంతకం. కారణం రాయాల్సిన గడిలో, బస్సు ట్రిప్పుషీటులో రాసినట్టే ఒత్తి ఒత్తి, అక్షరం అక్షరం విడదీసి రాశాడు.

'ఇంట్లో ఇద్దరికీ చెప్పకండి. ఇద్దరూ బాధపడతారు.'

పిచ్చుక లేచి వచ్చి వదిన భుజం మీదుగా చదివింది. ఛాతీ మీంచి బండ దించినట్టు ఊపిరి వదిలింది. నా మందు అన్నయ్యను చంపలేదు. ఆ మాట మనసులో పూర్తవకముందే సిగ్గుతో చచ్చిపోయింది. అన్నయ్య ఎవరికీ చెప్పుకోలేక, తన మాట కాదనలేక, వదిన మాట కాదనలేక, ఒక్కడే ఆసుపత్రికి వెళ్లి ఎవరి బల్ల ముందో నిలబడి సంతకం పెట్టి పోయాడు. తనకు ఫోన్లో మాత్రం, మీ కాపలావాళ్లు లేచి డ్యూటీ ఎక్కారే పిచ్చుకా అని చెప్పాడు. ప్రతి మంగళవారమూ చెప్పాడు.

వదిన ఏడవలేదు. ఆ రెండు వాక్యాల మీద వేలు పెట్టి, తెర మీదే, అక్షరాలు తడుముతున్నట్టు అటూ ఇటూ జరిపింది. తర్వాత వేలు పైకి పోనిచ్చి తేదీ దగ్గర ఆపింది. పెదాలు కదిలాయి. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు.

"ఐదు మంగళవారాలు," అంది. "ఐదుసార్లూ నేను షిఫ్టు దిగి వచ్చాక, మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చారు. మోచేతి మడత దగ్గర దూది పెట్టి పట్టీ వేసి ఉండేది. తనకు వెంట్రుకలు పీకినట్టుంటుందని, తడిపి నెమ్మదిగా నేనే తీసేదాన్ని."

ఎవరూ నమ్మకుండా ఉండడానికి ఆయనే వేసుకుని ఉంటారని డాక్టరమ్మ అనబోయింది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"పట్టీ కింద సూది గుచ్చిన గుర్తు ఉండేది డాక్టరుగారూ. ప్రతిసారీ కొత్తదే. నాలుగోసారి చుట్టూ నీలంగా కమిలిపోయింది కూడా, నేను నూనె రాశాను." ఆమె పిచ్చుక వైపు చూసింది. మధ్యాహ్నం నుంచి మొదటిసారి చూసింది. "ఆసుపత్రివాళ్లు గుచ్చకపోతే, మరి ఆయనకు ఎవరు గుచ్చారు? ఏం ఎక్కించారు?"